కాల్షియం తలుపు తెరుచుకునే వేళ

సున్నం అంటే మనకు తెలియనిదేముంది? పండుగకు గోడలకు వేసేది సున్నం. తమలపాకుకు రాసేది సున్నం. పాత నల్లగొండ జిల్లాలో కృష్ణానది వెంబడి వాడపల్లి, మట్టపల్లి వైపు వెళ్ళినవారు సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు చూసే ఉంటారు. అక్కడి భూమిలో దొరికే సున్నపురాయే వాటికి ముడిసరుకు. ఈ సున్నంలోనూ, సున్నపురాయిలోనూ ఉన్న లోహం పేరు కాల్షియం. మన ఎముకల్లో, పళ్ళలో ఉన్నదీ అదే. పెద్దమనిషి ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్ళు ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. నల్లగొండ పిల్లలకు ఎముకల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బావినీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి ఎందరి నడుములు వంచిందో వారు చూసినదే.

మరి మిగిలిన ఆ ఒక్క పాలు కాల్షియం ఏం చేస్తుంది? దాని పని కట్టడం కాదు, కబురు చెప్పడం.

బాగా పాలిచ్చే బర్రె ఈనిన రెండు మూడు రోజుల్లో ఒక్కోసారి లేవలేక కూలబడిపోతుంది. మెడ ఒక పక్కకు తిప్పి డొక్కకు ఆనించుకుంటుంది. ఒళ్ళు చల్లబడుతుంది. పశువుల డాక్టరు వచ్చి రక్తనాళంలోకి మెల్లగా కాల్షియం సీసా ఎక్కిస్తాడు. కాసేపటికి అది లేచి నిలబడుతుంది! ఆ కాస్త సేపట్లో ఎముకలు గట్టిపడ్డాయా? లేదు. రక్తంలో తగ్గిన కాల్షియం తిరిగి సరిపడా చేరగానే కండరాలకు మళ్ళీ కబుర్లు అందాయి, అంతే.

ఈ కబురు సంగతి మొదట బయటపడింది లండనులో, 1883లో. సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి అది కొట్టుకోవడం గమనించేవాడు. ఒకసారి చూస్తే గుండె చాలాసేపు చక్కగా కొట్టుకుంటోంది. విచారిస్తే తేలిందేమిటంటే, సహాయకుడు ద్రావణాన్ని శుద్ధజలంతో కాక కుళాయి నీళ్ళతో కలిపాడట. శుద్ధజలంతో కలిపినప్పుడు గుండె త్వరలోనే ఆగిపోయేది. కుళాయి నీళ్ళలో ఉన్న అదనపు సరుకు కాల్షియమని రింగర్ తేల్చాడు.

ఇప్పుడు మనం చెప్పుకోబోయేది అదే కాల్షియం చేసే మరో పని. బర్రె చూలు కట్టడానికి ముందు, కంటికి కనిపించని ఒక కణంలో జరిగే పని.

పొద్దున ఎదకు వస్తే సాయంత్రం సూది

పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల్లో వాన నమ్ముకుని వేసిన పంట ఒక ఏడు పండుతుంది, ఒక ఏడు ఎండుతుంది. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది గొర్రెల మందో, పాడి బర్రో. ఆవైనా బర్రైనా సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఆ వేళకు ఊళ్ళో మంచి దున్న లేకపోతే గోపాలమిత్రకో, పశువుల దవాఖానకో కబురు పెడతారు. ఆయన ద్రవ నత్రజని నింపిన డబ్బాలోంచి సన్నని గొట్టం ఒకటి తీస్తాడు. దాన్ని స్ట్రా అంటారు. అందులో పావు మిల్లీలీటరు వీర్యం గడ్డకట్టి ఉంటుంది. అంత చిన్నదానిలో సుమారు 2 కోట్ల శుక్రకణాలు! డబ్బాలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీల సెంటిగ్రేడు. స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి కరిగించి, పశువు గర్భాశయంలోకి ఎక్కిస్తాడు. తెలంగాణలో ఇలాంటి స్ట్రాలు తయారుచేసే కేంద్రం కరీంనగర్‌లో ఉంది.

ఈ పని గురి తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. ఆ మూడు వారాలూ మేత ఖర్చు ఖర్చే, పాలు మాత్రం ఉండవు. బర్రె చూలు మోసేది 310 రోజులు. దానికి ముందు ఇలాంటి తప్పిన ఎదలు రెండు మూడు చేరితే ఏడాది దాటిపోతుంది. పైగా వేసవిలో బర్రెలకు మూగ ఎద. అరవవు, గంతులు వేయవు, ఎదకు వచ్చిందీ లేనిదీ తెలియదు. అందుకే పశువైద్యులు ఒక సూత్రం చెబుతారు: పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ఈ లెక్క 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ఆవుల మీద జరిపిన పరిశీలనల నుంచి వచ్చింది.

అయితే మీకొక సందేహం రావాలి. పశువు సిద్ధంగా ఉంది, డబ్బాలో వీర్యం సిద్ధంగా ఉంది. ఎద చూసిన వెంటనే ఎందుకు ఎక్కించకూడదు? త్వరగా వెళ్ళినవాడికి ముందు చోటు దొరుకుతుంది కదా?

ఈదడం వచ్చు, దూరడం రాదు

1951లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ఒకే సంగతి కనిపెట్టారు. ఒకరు చైనాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న ఎం.సి. చాంగ్. రెండోవారు ఆస్ట్రేలియాలోని సి.ఆర్. ఆస్టిన్. చాంగ్ కుందేళ్ళతోనూ, ఆస్టిన్ ఎలుకలతోనూ పనిచేశారు. శుక్రకణాలను తిన్నగా అండవాహికలోనే వదిలి, అండంతో కలుస్తాయా లేదా అని చూశారు. అండాశయం నుంచి అండం విడుదలయ్యే సమయానికి వదిలినవి చురుగ్గా ఈదాయి గాని అండంలోకి దూరలేకపోయాయి. కొన్ని గంటలు ముందుగా వదిలినవి దూరగలిగాయి.

అంటే శుక్రకణం బయటికి వచ్చేటప్పటికి దానికి ఈత వచ్చునేగాని ఫలదీకరణ చేసే శక్తి లేదు. ఆడజీవి శరీరంలో కొన్ని గంటలు గడిపాకే ఆ శక్తి వస్తుంది. ఆస్టిన్ మరుసటి ఏడాది దీనికి కెపాసిటేషన్ అని పేరు పెట్టాడు. మనం సామర్థ్యం పొందడం అందాం.

చాంగ్ అక్కడితో ఆగలేదు. సామర్థ్యం పొందిన శుక్రకణాలను తీసి, మళ్ళీ వీర్యద్రవంలో వేశాడు. 1957లో ఆయన ప్రకటించిన ఫలితం విచిత్రమైనది. వాటి సామర్థ్యం పోయింది! అంటే శుక్రకణాలు ఏ ద్రవంలో ఈదుతూ వచ్చాయో, ఆ ద్రవంలోనే వాటిని ఆపి ఉంచేది ఏదో ఉందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు హైదరాబాదులో పని ఉంది.

సాగర్ గేట్ల వంటి ఏర్పాటు

శుక్రకణం చాలా చిన్నది. ఆబోతు శుక్రకణం తలా తోకా కలిపి మిల్లీమీటరులో పద్నాలుగో వంతు ఉంటుందేమో. తలలో తండ్రి నుంచి వచ్చే వారసత్వ పదార్థం, తల మీద టోపీలాగా ఎంజైములు నిండిన ఒక సంచి, వెనుక పొడవాటి తోక. ఆ టోపీ సంచి పేరు ఆక్రోసోమ్. అండం చుట్టూ గాజులాంటి పారదర్శకమైన మందపాటి పొర ఉంటుంది. దాని పేరు జోనా. శుక్రకణం లోపలికి చేరాలంటే రెండు పనులు కావాలి. తోక మామూలుగా కాక కొరడా విసిరినట్టు గట్టిగా కొట్టాలి. టోపీ సంచి విచ్చుకుని లోపలి ఎంజైములు బయటికి రావాలి. ఈ రెండింటికీ కబురు కాల్షియమే.

నాగార్జునసాగర్ చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఆనకట్టకు ఒక పక్క కొండంత నీరు, రెండో పక్క రాళ్ళ మధ్య చిన్న పాయ. మధ్యలో 26 గేట్లు. గేటు కాస్త ఎత్తితే చాలు, నీరు దానంతట అదే ఉరుకుతుంది. శుక్రకణం కూడా అంతే. బయటి ద్రవంలో కాల్షియం అయాన్లు ఎంత సాంద్రతలో ఉంటాయో, విశ్రాంతిగా ఉన్న శుక్రకణం లోపల అందులో పదివేలో వంతు మాత్రమే ఉంటాయి. లోపలికి కారిన కాస్తనూ కణపు పొరలోని పంపులు ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి. ఇంత శ్రమ ఎందుకంటారా? లోపల నిశ్శబ్దంగా ఉంటేనే గదా చిన్న కేక కూడా వినిపించేది! కొద్దిపాటి కాల్షియం లోపలికి రాగానే కణం మొత్తానికి అది పిలుపు అవుతుంది.

దీన్ని స్పష్టంగా చూపింది 1974లో యానగిమాచి, ఉసుయి అనే జపాను శాస్త్రజ్ఞులు. వారు గినీపందుల శుక్రకణాలను కాల్షియం ఏమాత్రం లేని ద్రవంలో కొన్ని గంటలు ఉంచారు. అవి ఈదుతూనే ఉన్నాయి గాని టోపీలు విచ్చుకోలేదు. తరువాత కాల్షియం కలిపారు. కొద్ది నిమిషాల్లోనే చాలావాటి టోపీలు విచ్చుకున్నాయి, తోకలు కొరడాల్లా విసరసాగాయి. సరిగ్గా గమనించండి: ముందు సిద్ధపడటం ఒకటి, తరువాత కాల్షియం ఇచ్చే తుది పిలుపు మరొకటి.

మరి సిద్ధపడటమంటే ఏమిటి? ఆడజీవి శరీరంలోని ద్రవాల్లో ఆల్బుమిన్ అనే ప్రొటీను ఉంటుంది. అది శుక్రకణం పొరలోంచి కొలెస్టరాల్‌ను లాగేస్తుంది. కొలెస్టరాల్ తగ్గితే పొర బిర్రు సడలి, చిల్లులు పడటానికి, మరో పొరతో అతుక్కోవడానికి వీలవుతుంది. బైకార్బనేటు లోపలికి వెళుతుంది. శుక్రకణం లోపలి భాగం ఆమ్లగుణం తగ్గి క్షారగుణం వైపు మొగ్గుతుంది. వంటసోడాలో ఉన్నదీ బైకార్బనేటే సుమా! ఈ మార్పులన్నీ కాల్షియం తలుపులు తెరుచుకోవడానికి దారి తీస్తాయి.

ఆ తలుపులు ఎక్కడున్నాయో చాలాకాలం తెలియలేదు. 2001లో అమెరికాలో డేవిడ్ క్లాఫమ్ ప్రయోగశాలవారు శుక్రకణం తోక మీద తప్ప మరెక్కడా లేని ఒక కాల్షియం ద్వారాన్ని కనిపెట్టి క్యాట్‌స్పెర్ అని పేరు పెట్టారు. లోపల క్షారగుణం పెరిగితే ఈ ద్వారం తెరుచుకుంటుంది. ఈ ద్వారం లేకుండా పుట్టించిన మగ చిట్టెలుకలు అన్నివిధాలా ఆరోగ్యంగానే ఉన్నాయి, కాని వాటికి సంతానం లేదు. వాటి శుక్రకణాలు ఈదుతాయి గాని కొరడా విసురు లేదు. ఇందులో ఒక ముచ్చటైన వివరం ఉంది. అండం చుట్టూ ఉన్న జోనా పొరను ఒలిచివేసి ఇస్తే అవే శుక్రకణాలు అండంతో కలవగలిగాయి! అడ్డం వచ్చింది ఆ గోడ ఒక్కటేనన్నమాట. మనుషుల్లో కూడా ఈ ద్వారపు జన్యువు చెడినందువల్ల సంతానం కలగని పురుషులు ఉన్నారని 2009లో తెలిసింది. అండం పరిసరాల్లో ఉండే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మానవ శుక్రకణంలో ఈ తలుపును నెడుతుందని 2011లో జర్మనీ, అమెరికా ప్రయోగశాలలు విడివిడిగా చూపాయి.

టోపీ విచ్చుకోవడం మాత్రం ఒక్కసారే. కాలిన టపాకాయ మళ్ళీ కాలనట్టే, టోపీ పోయిన శుక్రకణానికి రెండో అవకాశం లేదు, ఆయుష్షు కూడా కొద్దిసేపే. అందువల్ల తలుపు తెరవడం ఎంత ముఖ్యమో, వేళకు ముందు తెరవకుండా ఉంచడం అంతే ముఖ్యం. మరి ఆ కాపలా ఎవరిది?

హైదరాబాదులో దొరికిన కాపలాదారు

ఇప్పుడు చాంగ్ చెప్పిన వీర్యద్రవం దగ్గరికి వద్దాం. 1970ల చివర హైదరాబాదులో, అప్పుడప్పుడే 1977లో మొదలైన సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రంలో, అంటే మనం సి.సి.ఎం.బి. అని పిలిచే సంస్థలో, పుష్ప మిత్ర భార్గవ, ఇ.ఎస్.పి. రెడ్డి ఆబోతు వీర్యద్రవాన్ని పరిశీలిస్తున్నారు. అందులో సూక్ష్మజీవులను పెరగనివ్వని ఒక చిన్న ప్రొటీను వారికి దొరికింది. అది ఇ. కోలై అనే బాక్టీరియాలో ఆర్.ఎన్.ఏ. తయారీని ఆపివేస్తోంది. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు పెట్టి 1979లో ఇంగ్లండు నుంచి వెలువడే నేచర్ పత్రికలో ప్రకటించారు. అప్పటికి అది ఒక రకం క్రిమినాశిని, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ లార్డీ బృందం మరో చిక్కుముడి విప్పుతోంది. ఆబోతు శుక్రకణాలు వృషణం పక్కనున్న ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టంలో నిలవ ఉంటాయి. అక్కడి నుంచి తీసిన శుక్రకణాలు కాల్షియాన్ని ఆత్రంగా లోపలికి తీసుకుంటున్నాయి. వీర్యద్రవంతో కలిసి బయటికి వచ్చినవి మాత్రం కాల్షియాన్ని దగ్గరికి రానివ్వడం లేదు! తేడా వీర్యద్రవానిదే గదా. వెతగ్గా వెతగ్గా కాల్షియాన్ని అడ్డగించే చిన్న ప్రొటీను ఒకటి దొరికింది. దానికి కాల్ట్రిన్ అని పేరు పెట్టారు.

1985లో విస్కాన్సిన్ వారు కాల్ట్రిన్ నిర్మాణాన్ని పూర్తిగా చదివారు. 47 అమైనో ఆమ్లాల గొలుసు. పోల్చి చూస్తే ఏముంది, హైదరాబాదు సెమినల్‌ప్లాస్మినూ ఇదీ ఒకటే! ఒకే మనిషిని ఒక ఊరివారు వడ్రంగి అనుకుంటే, ఇంకో ఊరివారు కాపలావాడు అనుకున్నట్టయింది. సి.సి.ఎం.బి.లోనే ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ ఈ ప్రొటీను కణాల పొరలతో ఎలా కలుస్తుందో తరువాత పరిశీలించారు. బాక్టీరియా మీదనైనా శుక్రకణం మీదనైనా అది మొదట చేయి వేసేది పొర మీదేనని తెలుసుకుంటే, రెండు పనులూ ఒకరే చేయడం అంత వింతగా తోచదు.

విస్కాన్సిన్ వారు ఇంకో సంగతి కూడా గమనించారు. ఈ కాపలాదారు పరిస్థితులు మారితే తలుపు మూయడం మాని, తెరవడానికే సాయపడగలదు. వీర్యద్రవంలో ఉన్నంతసేపు తలుపు మూసి ఉంచి, ఆ ద్రవం వెనుకబడిపోయాక దారి ఇవ్వడం ఎంత పొందికైన ఏర్పాటో చూడండి. అయితే ఇది ఆబోతు కథ. మిగిలిన జంతువుల్లో కాపలాకు వేరే ప్రొటీనులు ఉన్నాయి.

చలికి సడలే తలుపు

తిరిగి మన గోపాలమిత్ర డబ్బా దగ్గరికి వద్దాం. వీర్యాన్ని గడ్డకట్టించి బతికించే విద్య 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనేవారు గ్లిసరాల్‌తో సాధించారు. గ్లిసరాల్, కోడిగుడ్డు పచ్చసొన కలిపిన ద్రవంలో వీర్యాన్ని పలుచన చేసి చల్లబరుస్తారు. పచ్చసొనలోని కొవ్వులు శుక్రకణం పొరను కాపాడుతాయి. పూర్వం ఈ ద్రవంలో సోడియం సిట్రేటు కూడా కలిపేవారు. అది కాల్షియాన్ని పట్టి ఉంచే గుణం కలది.

కాని ఎంత కాపాడినా చలి చలే. నెయ్యి చలికాలంలో పేరుకున్నట్టు, కణపు పొరలోని కొవ్వులు కూడా చల్లబడితే బిగుసుకుంటాయి, అక్కడక్కడ సందులు పడతాయి. కాల్షియాన్ని బయటికి తోడే పంపులు కూడా చలికి మందగిస్తాయి. దాంతో కాల్షియం వేళ కాని వేళ లోపలికి జొరబడుతుంది. కరిగించి చూసినప్పుడు కొన్ని శుక్రకణాలు అప్పటికే సామర్థ్యం పొందినవాటిలా కనిపిస్తాయి. 1990లలో శాస్త్రజ్ఞులు దీన్ని గట్టిగా గుర్తించారు. ఇవి ఆగి ఎదురుచూడలేవు. తాజా వీర్యంలోని శుక్రకణాలకన్నా వీటి ఆయుష్షు తక్కువ.

ఇక పొద్దున, సాయంత్రం లెక్క వేసుకుందాం. ఆవులో ఎద మొదలైన సుమారు 28 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలైన అండం మంచి స్థితిలో ఉండేది 6 నుంచి 12 గంటలు. శుక్రకణాలు సామర్థ్యం పొందడానికి ఇంచుమించు 6 గంటలు కావాలి. ఎద చూసిన వెంటనే, ఉదయమే ఎక్కిస్తే, స్ట్రాలోంచి వచ్చిన శుక్రకణాల్లో చాలావాటికి తలుపులు తెరుచుకుని, శక్తి ఖర్చయి, అండం వచ్చేసరికి చచ్చిపోతాయి. మరీ ఆలస్యంగా ఎక్కిస్తే అవి సిద్ధమయ్యేసరికి అండం ముదిరిపోతుంది. 12 గంటలు ఆగి ఎక్కిస్తే అండవాహికలో ఇద్దరూ సరైన వేళకు కలుసుకుంటారు. ఎద ఎప్పుడు మొదలైందో రైతుకు కచ్చితంగా తెలియదు గనుక, పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పశువులను చూసి రావడమే ఇందులో అసలు కష్టమైన పని. సాధారణంగా ఇంట్లో ఆ పని చేసేది ఆడవాళ్ళూ పిల్లలూ.

కొందరు అడుగుతారు, పశువుకు ఎక్కువ సున్నం తినిపిస్తే త్వరగా చూలు కడుతుందా అని. దాణాలో ఖనిజలవణాలు తగినంత ఉండాలి, నిజమే. కాని రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో శరీరం గట్టిగా కట్టడి చేస్తుంది. మనిషి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 9 నుంచి 11 మిల్లీగ్రాములు. ఎక్కువ తిన్నంత మాత్రాన శుక్రకణపు తలుపు తెరుచుకోదు. బయట కాల్షియానికి ఎప్పుడూ కొదవ లేదు. ఎప్పుడు లోపలికి రానివ్వాలన్నదే ప్రశ్న.

మానవుల విషయంలోనూ ఈ పరిశోధనే పునాది. 1963లో యానగిమాచి, చాంగ్ హామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాలను గాజుపాత్రలో ఫలదీకరింపజేశారు. ఆ ప్రయోగాల్లో తయారుచేసుకున్న ద్రవాల బాటలోనే 1969లో ఇంగ్లండులో ఎడ్వర్డ్స్ బృందం మానవ అండాన్ని గాజుపాత్రలో ఫలదీకరింపజేసింది. 1978 జులై 25న లూయీ బ్రౌన్ పుట్టింది. ఆ ద్రవాల్లో కాల్షియం, బైకార్బనేటు, ఆల్బుమిన్ మూడూ ఉండటం మీకిప్పుడు వింతగా తోచదు.

జోనాను చీల్చుకుని వెళ్ళిన శుక్రకణం చివరికి అండం పొరను తాకుతుంది. టోపీ విచ్చుకున్నాకనే దాని తల మీద ఇజుమో అనే ప్రొటీను బయటపడుతుంది. 2005లో జపానువారు కనిపెట్టి తమ దేశంలోని పెళ్ళిళ్ళ దేవాలయం పేరు పెట్టారు. దాన్ని అందుకునే అండం మీది ప్రొటీనుకు 2014లో ఇంగ్లండువారు రోమనుల వివాహదేవత పేరు జూనో అని పెట్టారు. రెండు పొరలూ ఒకటవగానే శుక్రకణం తనతో తెచ్చిన ఒక ఎంజైమును అండంలోకి వదులుతుంది. అండం తన లోపల దాచుకున్న కాల్షియం ఒక్కసారిగా విడుదలై, శుక్రకణం ప్రవేశించిన చోటి నుంచి అవతలి ఒడ్డు దాకా అలలాగా సాగిపోతుంది. ఆ అల తగిలాక జోనా గట్టిపడి మరో శుక్రకణాన్ని రానివ్వదు. తరువాత మరో అల, ఇంకో అల, ఇలా కొన్ని గంటలపాటు. ఆ అలలు ఆగాక అండం రెండు కణాలుగా విడిపోవడం మొదలుపెడుతుంది.